ఆంగ్లభాషయందలి అమర్షాదివాచకములు

ఆంగ్లగ్రంథములను దెనిఁగించువారికిని, పాఠశాలలయందు వానిని బోధించువారికిని తఱచుగా నడ్డుపడు పదసముదాయ మొకటి కలదు. పరుఁడు చేసిన కీడువలనఁ గాని, చేసినాఁడని మనము తలఁచిన కీడువలనఁ గాని మనస్సున నిలిచిపోవు వికారమును దెలుపు పదము లవి. రిజెంట్‌మెంటు, గ్రడ్జి, స్పైటు, మాలిసు, రాంకరు, అంబ్రేజి, పీకు, ఆనిమాసిటీ, గ్రీవెన్సు మొదలగునవి యిట్టివి. మన తరగతులలో వీని కన్నిటికిని కోపము, పగ, ద్వేషము, ఈర్ష్య యను నాలుగు మాటలనే త్రిప్పి త్రిప్పి చెప్పుట పరిపాటి యైనది. ఇందలి నష్టము సామాన్యము కాదు. అన్యాయము నొందినవాని బాధకును, అన్యాయము చేయఁగోరువాని దుర్బుద్ధికిని ఒకే పేరు పెట్టుట యగుచున్నది. అర్జీ పెట్టుకొన్నవాఁడు పగపట్టినవాఁడుగాఁ గనఁబడుచున్నాఁడు. ఆంగ్లేయుల భాషలోను ఈ భేదము మొదటినుండి యున్నది కాదు. కొన్ని శతాబ్దులలో నది క్రమముగా నేర్పడినది. ఆ యేర్పడిన తెఱఁగును జూపుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముందుగా మన శాస్త్రమునుండి యొక కొలబద్దను గైకొందము. పాణిని కారకప్రకరణమున 1-4-37 సూత్రముచేత, క్రోధ ద్రోహ ఈర్ష్యా అసూయార్థకములైన ధాతువుల యోగమున, ఎవనిపైఁ గోపమో వానికి సంప్రదానసంజ్ఞను విధించెను. ఈ నాలుగును పర్యాయములు కావు. క్రోధ మనఁగా నోర్వమి, ద్రోహ మపకారము, ఈర్ష్య పరుని మేలును సహింపలేమి, అసూయ గుణములయందు దోషము నెన్నుట. కోపము లేనిదే వీనిలో నేదియుఁ బుట్టదని భాష్యకారుఁడు నాలుగింటికిని మూల మొక్కటిగాఁ జూపెను. తన భార్య నితరులు చూడరాదని యీర్ష్యపడువానికి భార్యపైఁ గోపము లేదు గావున నచ్చటఁ జతుర్థి రాదని వ్యాఖ్యాతల ప్రత్యుదాహరణము. కోప మెవనిపై, ఏ కారణమున, అని యడుగనిదే పదార్థము తేల దన్నమాట. ఆంగ్లపదములకును ఇదే ప్రశ్న వేయవలయును.

1066వ సంవత్సరమున నార్మనులు ఇంగ్లండును జయించుటకుఁ బూర్వ మచటి భాషయం దీ భావములకు దేశ్యపదములే యుండెను. వానిలోఁ బ్రధానమైనది ‘నీథ్’. బేవుల్ఫ్ అను ప్రాచీనకావ్యమున నిది పలుమాఱులు కానవచ్చును. ద్వేషము, వైరము, యుద్ధము ఇన్నియు దాని యర్థములే. జర్మనుభాషలో దీని సోదరశబ్దము నేఁటికిని అసూయార్థమున బ్రదికియున్నది. ఆంగ్లమున మాత్రము నశించినది. ‘అండ’ యను వేఱొక పదమునకు మాత్సర్యము, ఉత్సాహము రెండును అర్థములే. లోపలి వికారమును, దానివలనఁ బుట్టు బాహ్యకార్యమును ఈ పదములు వేఱుచేయలేదు. ఒకని చంపినచో బంధువర్గము పగ తీర్చుకొనుటయో, చంపఁబడినవాని మూల్యమును గ్రహించి శాంతించుటయో యా సంఘమునందలి ధర్మము. నెత్తురుతోఁ గాని, ధనముతోఁ గాని తీఱిపోవు దానికి, తీఱక మనస్సున మిగులు శేషమును జెప్పు పేరు వేఱుగా నక్కఱలేకపోయె నని నా తలంపు.

నేఁడు కోపార్థకమైన ‘ఆంగరు’ సయితము ఆ కాలపు ఆంగ్లుల సొంతపదము కాదు. స్కాండినేవియనుల భాషనుండి వచ్చినది. అచట దాని యర్థము దుఃఖము, క్లేశము. ఇఱుకుట యను నర్థము గల ప్రాచీనధాతువునకు సంతానమైన యీ శబ్దమునకు, లాటినున సన్నమను నర్థము గల ‘అంగుస్టుస్’ యు, మన వేదభాషయందలి ‘అంహస్’ శబ్దమును జ్ఞాతులు. కోప మొకప్పుడు ఊపిరి సలుపనీయని బాధగా భావింపఁబడె నని దీనివలనఁ దెలియుచున్నది. ‘ఇల్ విల్’ అను సమాసమున ‘ఇల్’ కూడ స్కాండినేవియనులదే. ‘విల్’ మాత్రము మన వృధాతువునకుఁ జుట్టము, కోరుట దాని యర్థము. చెడు కోరుట యని యవయవార్థమే రూఢ్యర్థము. ఈ జాబితాలో నింత సుబోధమైన పదము మఱియొకటి లేదు.

నార్మనుల వెంట ఫ్రెంచియు, మఠముల వెంట లాటినును ప్రబలినవి. 1215లో రోమునందలి లాటరను మందిరమున సమావేశమైన క్రైస్తవమహాసభ, ప్రతివిశ్వాసియు నేఁటి కొక్కసారియైన మతగురువునెదుటఁ దన పాపముల నొప్పుకొనవలయు నని శాసించెను. పాపము నొప్పుకొనుటకు దాని పేరు తెలియవలయును గదా! అందుచే మనోవికారములను వర్గీకరించు గ్రంథములు బయలుదేఱినవి. కెంటు మండలమున డాన్ మైకేల్ అను సన్న్యాసి 1340లో ఫ్రెంచినుండి యాంగ్లీకరించిన అంతఃకరణపశ్చాత్తాపగ్రంథ మట్టివానిలో నొకటి. ఎన్వీ, మాలిసు, రాంకరు అనునవి యీ వాతావరణమున బలపడిన పదములు. మూఁడును పాపముల పేర్లే. అనఁగాఁ జేయువాని పక్షమునుండి చూచి పెట్టిన పేర్లు. కీడు పడినవాని పక్షమున నిలిచిన పదము వీనిలో నొక్కటియు లేదు.

‘ఎన్వీ’ లాటినులోని ‘ఇన్‌విడియా’ కుఁ దద్భవము. అందలి ధాతువునకుఁ జూచుట యర్థము. మన విద్ ధాతువు దానికి సోదరము. వంకరగాఁ జూచుట యని భావము. తెలుఁగున ‘కంటగింపు’ అనుమాట యున్నవారి కిది క్రొత్త గాదు. ‘రాంకరు’ కంటికిఁ గాక ముక్కునకుఁ జెందినది. నిలువయుండి చెడిన క్రొవ్వు వెలువరించు దుర్గంధము దాని మూలార్థము. ‘రాన్సిడు’ అను పదమునకు నిదే మూలము. లాటినుబైబిలును సంతరించిన జెరోము నాఁటికే యిది మనస్సున ముదిరిన వైరమును దెలుపుచుండెను. ‘మాలిసు’ చెడుగను నర్థము గల ‘మాలుస్’ నుండి వచ్చి, మతమునుండి న్యాయసభలకు జాఱినది. అచట దాని యర్థము విచిత్రముగా మాఱెను. లోకమున మాలి సనఁగా నొకనిపై దుర్బుద్ధి యనియు, శాస్త్రమున మాత్రము తగిన హేతువు లేక బుద్ధిపూర్వకముగాఁ జేసిన యకార్య మనియు 1825లో బ్రోమేజి, ప్రాసరు అనువారి వ్యాజ్యెమున న్యాయమూర్తి బెయిలీ విడఁదీసి చెప్పెను. ఈ సంశయము మన దేశమునకు రాకుండ 1860నాఁటి భారతశిక్షాస్మృతి హత్యాలక్షణమున నీ పదమునే విడిచి, ఉద్దేశము, ఎఱుక యను వానితోఁ బని జరిపెను. ఆ స్మృతి 2024 జూలై 1వ తేదినుండి భారతీయన్యాయసంహితకుఁ జోటిచ్చినది.

ఇఁక ‘గ్రడ్జి’. దీని చరిత్రము నాకు మిక్కిలి ప్రీతికరము. ప్రాచీన ఫ్రెంచియందలి ‘గ్రూషియె’ దీనికి మూలము. గొణుగుట, సణుగుట దాని యర్థము, ధ్వన్యనుకరణము కావచ్చును. 14వ శతాబ్దిలో విక్లిఫు పేరఁ బ్రసిద్ధమైన యాంగ్లబైబిలున, ఎడారిలో నాఁకటికి నకనకలాడిన యిశ్రాయేలీయులు మోషేపై సణిగిరని చెప్పుటకు నీ ధాతువునే వాడిరి. సణుగు టెవరి పని? ఎదుట నిలిచి గట్టిగా మాటలాడఁగలవాఁడు సణుగఁడు. సేవకుఁడు, కౌలుదారుఁడు, కోడలు సణుగుదురు. కావున నీ పదము పుట్టుకచేతనే క్రిందివాని పదము. కాలక్రమమున నోటిలోని శబ్దము హృదయములోనికి దిగిపోయినది; 15వ శతాబ్దినాఁటికి నామవాచకమై, లోన దాచిన పగ యను నర్థమున స్థిరపడినది. శబ్దముగాఁ బుట్టి మౌనముగా ముగిసిన పద మిది. దాని వెంట నిందయుఁ జేరినది. గొణుగుటకుఁ గారణ మేదియో యడుగువారు లేరు. మనసున నుంచుకొన్నాఁడను దూఱు మాత్రము మిగిలినది.

దీనికి సరిగా నెదురుదారిని నడచినది ‘గ్రీవెన్సు’. లాటినున ‘గ్రవిస్’ అనఁగా బరువైనది. మన గురుశబ్దము దానికి రక్తసంబంధి. బరువు మోపుట యను క్రియనుండి యీ నామవాచకము వెలసినది. మొదట నిది పెట్టెడు బాధ. పిమ్మటఁ బడెడు బాధ. తుదకు బాధను దొలఁగింపుఁడని విన్నవించుకొను విషయము. ఇంగ్లండుపార్లమెంటున రాజునకుఁ బన్ను సమకూర్పకమునుపు ప్రజల గ్రీవెన్సులు తీర్పవలయు నను వాదము బలపడి, 1628లో హక్కులవిన్నపముగాఁ బరిణమించినది. 1791లో నమెరికారాజ్యాంగమునకుఁ జేరిన మొదటి సవరణమున, వానిని దీర్పుఁడని ప్రభుత్వమును గోరుట ప్రజలహక్కుగా నెక్కినది. గ్రడ్జియు గ్రీవెన్సును రెండును క్రిందివాని నోటివే. ఒకటి చీఁకటిలో నుండిపోయి దోషమైనది. రెండవది కాగితమున కెక్కి హక్కైనది.

ఈ భేదము మనవారి కనుభవమునకు వచ్చిన సంగతి నిచట స్మరింపవలయును. చెన్నపట్టణమున వర్తకుఁడుగా నుండి, 1844లో ‘క్రెసెంట్’ అను నాంగ్లపత్రికను స్థాపించిన గాజుల లక్ష్మీనరసు శెట్టి, 1852లో మదరాసు దేశీయసంఘము నేర్పఱచి, ఈస్టిండియాకంపెనీ పాలనమునఁ బ్రజలు పడు బాధలను వివరించుచు బ్రిటిషుపార్లమెంటునకు విన్నప మంపెను. పన్నులభారమే కాక, శిస్తు రాఁబట్టుటకై రైతులను జిత్రహింస పెట్టుటయు నందలి ఫిర్యాదులలో నుండెను. దొరతనమువా రిట్టివానిని గిట్టనివారి పగమాటలని త్రోసివేయవచ్చును. కాని యది గ్రీవెన్సు రూపమున, పార్లమెంటువారి సొంతభాషలో, వారి సొంతసంప్రదాయముననే చేరినందున విచారణ తప్పలేదు. 1854లోఁ జిత్రహింసల విచారణసంఘము నియమింపఁబడి, 1855లో రైతులమాట నిజమని నివేదించినది.

తక్కినవానిలోఁ గొన్నిటిని త్వరగా ముగింతును. ‘స్పైటు’ అనునది ‘డిస్పైటు’ అను పదమునకు ఆదివర్ణలోపమున నేర్పడిన రూపము. లాటినున క్రిందికిఁ జూచుట, అనఁగాఁ జులకనచేయుట దాని మూలార్థము. ‘పీకు’ ఫ్రెంచివారి ముల్లు; గ్రుచ్చుకొనిన యభిమానము. ‘ఆనిమాసిటీ’ 15వ శతాబ్దిలో ధైర్యము, పౌరుషము అను మంచి యర్థమున వచ్చి, 17వ శతాబ్దిలో వైరార్థమునఁ బడినది. ‘స్ప్లీను’ గ్రీకుపదము, మన ప్లీహశబ్దమునకు సోదరము. ప్లీహ మనస్తాపమునకు నాశ్రయమను పాశ్చాత్యవైద్యమతము పోయినను మాట మిగిలినది. ‘డడ్జను’ అను పదము 16వ శతాబ్దిలో నెచటినుండియో యూడిపడినది; దాని మూల మెవరికిని దొరకలేదు.

‘అంబ్రేజి’ మాత్ర మొక క్షణము నిలుపఁదగినది. ‘ఉంబ్ర’ యనఁగా లాటినున నీడ. ఆంగ్లమున మొదట చెట్టునీడకే దీనిని వాడిరి. నీడ యనుమానమునకుఁ బేరై, యనుమాన మవమానభావనకుఁ బేరై, 17వ శతాబ్ది తుదికి అంబ్రేజిని ‘తీసికొనుట’ వాడుకలోనికి వచ్చెను. నీడకు బెదరు గుఱ్ఱమును ఫ్రెంచివారు ‘ఓంబ్రజో’ అందురు. లేని దానిని జూచి బెదరుట యను స్పర్శ యీ పదమున నేఁటికిని బోలేదు. ఎదుటివాఁడు అంబ్రేజి తీసికొన్నాఁడని చెప్పునప్పుడు, తప్పు వాని నీడదే కాని నాది కాదని చెప్పినట్లే యగును.

ప్రధానమైన ‘రిజెంట్‌మెంటు’ ను గడపట నుంచితిని. అనుభవించుట యను నర్థము గల లాటిను ‘సెంటీరె’ ధాతువునకు ఫ్రెంచియందు ‘రె’ యను నుపసర్గము చేరినది. మఱల ననుభవించుట, గాఢముగా ననుభవించుట యని యవయవార్థము. కోపముయొక్క వాసనయే యిందు లేదు. 17వ శతాబ్దిలో నీ పదము మంచికిని జెడ్డకును సమానముగాఁ జెల్లుచుండెను. మేలును ‘రిజెంటు’ చేయుట యనఁగాఁ గృతజ్ఞతతోఁ దలఁచుట! 1755లో శామ్యూల్ జాన్‌సను తన నిఘంటువున, మంచిగాఁ గాని చెడుగాఁ గాని గ్రహించుట యను నర్థమును మొదట నుంచి, కీడుగా గ్రహించుటను రెండవదిగాఁ జూపి, యీ రెండవదియే వాడుకలో నధికమని తెలిపెను. పరిమళవాచకమైన మన ‘కంపు’ నేఁడు దుర్గంధమునకే చెల్లుచున్న ట్లిదియు నొక యర్థాపకర్ష. మేలును మఱల మఱల ననుభవించువారు లోకమునఁ దక్కువ గాఁబోలు.

అర్థము సంకోచించినను పదము హీనమైపోలేదు. దీనిని నిలఁబెట్టినవాఁడు జోసెఫ్ బట్లరు అను క్రైస్తవాచార్యుఁడు. లండను నగరమున రోల్సు ప్రార్థనామందిరమునఁ దాను జేసిన యుపన్యాసములను బదునైదింటి నతఁడు 1726లోఁ బ్రకటించెను. అందు ఎనిమిదవది రిజెంట్‌మెంటును గూర్చియు, తొమ్మిదవది క్షమను గూర్చియు నున్నవి. దయామయుఁడగు దేవుఁ డిట్టి వికారమును మనుష్యునం దేల పెట్టె నని యతని ప్రశ్న. తటాలునఁ బుట్టు కోపము వేఱు, నిలుకడగల రిజెంట్‌మెంటు వేఱు. మొదటిది నొప్పిమాత్రముననే లేచును. ఱాయి తగిలినను లేచును. రెండవది యన్యాయ మని తెలిసినఁ గాని లేవదు. పరుల కన్యాయము జరిగినఁ జూచువానికిఁ గూడ లేచును. కనుక నిది దుర్మార్గము నరికట్టుటకు మనుష్యుని కీయఁబడిన యాయుధమే కాని పాపము కాదు. మితి మీఱుటయే పాపము. మతగ్రంథముల పాపపట్టికనుండి యొక పదమును దప్పించి న్యాయము ప్రక్కఁ గూర్చుండఁబెట్టిన ఘనత యితనిది. 1759లో ఆడం స్మిత్ తన నైతికభావసిద్ధాంతగ్రంథమున దీనిని విస్తరించెను. పక్షపాతరహితుఁడగు ప్రేక్షకుఁ డెంతవఱ కంగీకరించునో యంతవఱకు రిజెంట్‌మెంటు న్యాయమే యనియు, శిక్షాధర్మమున కదియే పునాది యనియు నతని మతము.

మఱుశతాబ్దిలో నీ గౌరవమునకు నెదురుదెబ్బ తగిలినది. 1887లో నీతివంశావళిని గూర్చి వ్రాసిన జర్మనుతత్త్వవేత్త నీచ్చె, ఫ్రెంచిరూపమైన ‘రెసాంటిమాఁ’ నట్లే గైకొని, ప్రతీకారము చేయలేని దుర్బలులు తమ యశక్తినే ధర్మముగాఁ జాటుకొనుట కాధారమైన విషమని యర్థము చెప్పెను. 1912లో మాక్స్ షేలరు దానిపై వేఱొక గ్రంథము రచించెను. అనువాదములద్వార నా రూప మాంగ్లమునఁ బ్రవేశించి ‘రిజెంట్‌మెంటు’ ప్రక్కన నిలిచినది. మన భాషలో నొకే ప్రకృతి తత్సమముగాను దద్భవముగాను రెండర్థములతో నుండునట్లు, వారి భాషలో నొకే తల్లిబిడ్డ లిరువు రొకరి నొకరు గుర్తింపక తిరుగుచున్నారు. తఱచు మన విమర్శకులు మొదటిదానిని జదివి రెండవదాని నర్థముగా వ్రాయుచున్నారు. పీడితుల సాహిత్యమును గుఱించి చెప్పునప్పు డీ పొరపాటు చిన్నది కాదు.

తరువాతిమాట 1962లో బ్రిటిషు అకాడమీయందు స్ట్రాసను చేసిన యుపన్యాసము. పరుల దుర్బుద్ధికిఁ గాని, నిర్లక్ష్యమునకుఁ గాని మనయందుఁ బుట్టు ప్రతిస్పందమే రిజెంట్‌మెంటు; పిచ్చివానియెడల, పసిబిడ్డయెడల మన మట్టి భావమును విడుతుము; కనుక నొకనిపై నిది కలుగుట వానిని బాధ్యతగల మనుష్యునిగా నెంచుటయే యని యతఁడు వాదించెను. ‘ఇల్ విల్’ చేయువాని మనస్సున నుండునది. రిజెంట్‌మెంటు పడినవాని మనస్సున నుండునది. కారణమునకును గార్యమునకును ఒకే తెలుఁగుమాట వ్రాయుట యెట్లు?

అట్లైన దీనికి మన మాట యేది? ‘అమర్షము’ అని నా నిర్ణయము. మృష ధాతువున కోర్చుకొనుట యర్థము. అమరసింహుఁడు నాట్యవర్గమున దీనిని గోపపర్యాయములలోఁ గలిపినాఁడు, నిజమే. కాని భరతుఁడు ముప్పదిమూఁడు వ్యభిచారిభావములలో దీనిని అసూయనుండి వేఱుచేసి లెక్కించెను. విద్యయందో, ధనమునందో, బలమునందో తనకంటె నధికులైనవారిచే నవమానము పొందినవానికిఁ గలుగునది యమర్షము. పరుని యైశ్వర్యాదులను జూచి కలుగునది యసూయ. తలవాంచి చింతించుట, ఉపాయమును సహాయమును వెదకుట యమర్షమున కనుభావములు. విన్నపము వ్రాయుటకుఁ గూర్చున్నవాని చిత్తరువు గదా యిది! గ్రీవెన్సునకు ‘మొఱ’, గ్రడ్జికి ‘కక్ష’, స్పైటునకు ‘అక్కసు’, మాలిసునకు ‘దుర్బుద్ధి’ సరిపోవును. రెసాంటిమాఁకు ‘ఉక్రోషము’ దగ్గఱ; నిస్సహాయత యందుఁ గలదు. ‘హర్టు’ అనునది తాఁకుట, ఢీకొట్టుట యను నర్థము గల ఫ్రెంచిధాతువునుండి వచ్చినది గావున ‘నొచ్చుకొనుట’ దానికిఁ జక్కగాఁ దగును.

మన ‘అలుక’ ను ఆంగ్లీకరింపఁబూనినవారికి మాత్ర మీ పట్టికలో నేదియు నక్కఱకు రాదు. పీకు దాపునకు వచ్చును. కాని పీకునకుఁ బ్రేమ యక్కఱలేదు, ఎవఁడో దారినిఁబోవువాఁడు గ్రుచ్చినను జాలును. నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ యలిగినది కృష్ణుఁడు తన వాఁడగుటచేతనే. తీర్చువాఁడు లేనిచో నలుకయే లేదు.